చలికాలం కోళ్ల షెడ్డు: పరదా కింద కట్టాలా, పైన కట్టాలా?

[షాట్: ఉదయం 6 గంటలు. రేకు లోపలి వైపు దగ్గరగా. నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒకటి జారి ఊక మీద పడుతుంది.]

చూశారా ఈ బొట్టు? రాత్రి వాన లేదు. రేకుకు చిల్లు లేదు. ఈ నీళ్లు కోళ్లవే.

నమస్కారం అండి. గుంటూరు నుంచి మంగళగిరి వచ్చే దారిలో, పొలం గట్టు పక్కన మా చిన్న షెడ్డు ఇది. 50 పెట్టలు ఉన్నాయి. ధనుర్మాసం రాగానే మా చుట్టుపక్కల అందరం చేసే పని ఒకటే. పాపం కోళ్లకు చలి అని నాలుగు వైపులా పట్టాలు బిగించి కట్టేస్తాం. పోయిన ఏడాది నేనూ కట్టాను. వారం తిరక్కుండానే మా బాబాయ్ గుడ్ల కోసం వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయి, తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "ఒరేయ్, లోపల ఉన్నవి కోళ్లేనా?" అన్నాడు. నాకేమో వాసనే తెలియలేదు. రోజూ తిరిగేవాడి ముక్కు అలవాటు పడిపోతుంది. అప్పుడు ఒక్కో కోడినీ పట్టుకుని చూస్తే, నాలుగైదింటికి కంటి మూలల్లో నురగ కట్టి ఉంది.

అసలు ఈ తడి ఎక్కడిదో లెక్క వేద్దాం. ఒక పెట్ట రోజుకు 100 గ్రాములు పైచిలుకు మేత తింటుంది. నీళ్లు దానికి రెట్టింపు తాగుతుంది. 50 పెట్టలకు 10 లీటర్లు. గుడ్డులోకి పోయేది కొంతే. మిగతాదంతా రెట్టలో, ఊపిరిలో బయటికొస్తుంది. అంటే రోజూ ఓ బిందెడు నీళ్లు తెచ్చి షెడ్డులో మనమే పోస్తున్నట్టు.

[షాట్: వంటగది. అన్నం గిన్నె మూత తిప్పి చూపించాలి.]

మూతకు బొట్లు ఎలా పట్టాయో చూడండి. కోడి ఒళ్లు 41 డిగ్రీల వేడి. ఆ వేడి గాలి తడిని మోసుకుని పైకి పోతుంది. పైన చల్లటి రేకు తగులుతుంది. పోవడానికి దారి లేకపోతే నీరై మళ్లీ ఊక మీదే పడుతుంది. తడిసిన రెట్టలోంచి అమ్మోనియా అనే ఘాటు గ్యాస్ పుడుతుంది. అది 25 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు, దాటకూడదంటారు. మన దగ్గర మీటర్ ఎక్కడుంటుంది? అందుకే లోపల రెండు నిమిషాలు గొంతుక్కూర్చోండి. నిలబడి చూస్తే తెలియదు, గ్యాస్ పుట్టేది కింద, కోడి ముక్కు ఉండేదీ అక్కడే. కళ్లు మండాయంటే పరిస్థితి ఎప్పుడో చెయ్యి దాటిపోయినట్టే. కోడి గొంతులో దుమ్మును ఆపే సన్నటి నూగు ఆ గ్యాస్‌కు దెబ్బతింటుంది. గురక, తుమ్ములు, సీఆర్డీ అనే మొండి ఊపిరి జబ్బు ఆ తరవాతే మొదలవుతాయి.

మరి చలి సంగతేంటి అంటారా? మన దగ్గర జనవరి రాత్రి 17, 18 డిగ్రీలు. ఈకలు నిండిన కోడికి అదొక లెక్క కాదు. దానికి పడనిది ఒంటికి నేరుగా కొట్టే గాలి. ఇక్కడే పరదా సంగతి వస్తుంది.

[షాట్: పరదా తాడు లాగుతూ.]

చాలామంది పరదాను పైన మేకులు కొట్టి కిందికి వదులుతారు. కాస్త గాలి రానిద్దామని కింద ఎత్తి పెడతారు. దాంతో చల్లగాలి సూటిగా కోడికి, తడిగాలి పైనే బందీ. తిరగెయ్యండి. అంచు కింద బిగించి, తాడుతో పైకి లాగేలా కట్టండి. పైన అడుగు ఖాళీ రాత్రంతా ఉండాల్సిందే. మా షెడ్డు తూర్పు పడమరలుగా ఉంది, కాబట్టి పొద్దెక్కి మంచు విడిచాక ముందు దక్షిణం పరదా పూర్తిగా దించేస్తాను. ఉత్తరం వైపుది ఆ తరవాత నిదానంగా.

సరిగ్గా కట్టామో లేదో ఒక అగరుబత్తి చెబుతుంది. కోడి కూర్చునే ఎత్తులో పట్టుకుంటే పొగ నిటారుగా లేవాలి. చూరు దగ్గర పట్టుకుంటే బయటికి లాగేయాలి. నిప్పు జాగ్రత్త, కింద ఉన్నది ఊక.

ఊక సంగతి చేతికే తెలుస్తుంది. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదలండి. ముద్దలా ఉండిపోతే తడి ఎక్కువ. కాస్త అంటుకుని విడిపోతే బాగున్నట్టు. అసలు అంటకపోతే మరీ పొడి, దుమ్ము లేస్తుంది. నేను 11 గంటలకు, ఎండ లోపలికి పడ్డాక గుల్ల చేస్తాను. పొద్దున్నే తిరగేస్తే ఆ ఆవిరి ఎటూ పోదు. నీళ్లు తాగే డ్రింకర్ అంచు కోడి వీపు ఎత్తుకు లేపితే సగం తడి ఆగుతుంది.

సున్నం చల్లొచ్చా అని అడుగుతారు. ముందే చల్లితే సరే. ఘాటు మొదలయ్యాక చల్లితే మాత్రం ఆ క్షారానికి అమ్మోనియా ఇంకా పైకి లేస్తుంది. గడ్డ కట్టిన ఊక ఎత్తేసి, కొత్తది పోశాకే సున్నం ఆలోచన.

ఇదంతా ఈకలొచ్చిన కోళ్లకండి. వారం లోపు పిల్లలకు బ్రూడర్ కింద, అంటే వేడినిచ్చే ఏర్పాటు కింద, 35 డిగ్రీలు కావాలి, వాటి పద్ధతి వేరు. వాటికీ పైన సందు మాత్రం మూయకూడదు.

[షాట్: పార, తట్ట, దిబ్బ.]

ఎత్తిన తడి ఊకను దిబ్బలో వేసి మాగనివ్వండి. పచ్చిగానే మిరప మొక్కల మొదట్లో వేస్తే వేళ్లు మాడిపోతాయి. అదీ నేను చేసి చూసిందే.