ఈ లావు ఫాంట్‌లో ‘ప’తోనే పేచీ

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కొత్త తెలుగు ఫాంట్ టెస్ట్ ఫైల్ మనకి ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. ఫాంట్‌కి పేరింకా పెట్టలేదట. కుంచెతో రాసిన లావు అక్షరాలు, ఒకటే వెయిట్, అంటే ఒకటే మందం, యూనికోడ్. మిగతా లెక్కలు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి.

స్క్రీన్ మీద ‘పునుగులు’ చూడండి. నాలుగు కొమ్ములున్నాయి, ఒకదానిలా ఇంకోటి లేదు. గోడ మీద పెయింటర్ రాసినట్టే! ఇది రావాలంటే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్‌లో ఓపెన్‌టైప్ ప్యానెల్‌లో కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్స్ ఆన్ చెయ్యాలి. అంతకంటే ముందు ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద షో ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పారాగ్రాఫ్ మెనూలో సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టుకోండి. లేదంటే వత్తులు విడిపోతాయి. యూనికోడ్ కాని పాత టైపింగ్ సాఫ్ట్‌వేర్ అనూలో కొట్టిన మ్యాటర్ తెచ్చి పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలొస్తాయి, అది ఫాంట్ తప్పు కాదు.

ఇక అసలు పేచీ. ‘ప’కీ ‘వ’కీ తేడా ఏంటండీ? ‘వ’కి తలకట్టు అంటుకుని ఉంటుంది, ‘ప’కి విడిగా ఉంటుంది. ఆ సందే ప్రాణం. ఇందులో సందు వెంట్రుకంత! ఆరంగుళాల అక్షరానికి జూమ్ చేసి కొలిస్తే 3 మిల్లీమీటర్లు. మన బెజవాడలో అక్షరం చుట్టూ గీత (అవుట్‌లైన్) లేకుండా ఫ్లెక్స్ ఎవరేస్తారు? 4 మిల్లీమీటర్ల స్ట్రోక్, అదే ఆ గీత, ఇచ్చామనుకోండి, గీతలో సగం, అంటే 2, బయటికొస్తుంది. పై నుంచి 2, కింద నుంచి 2. సందు మాయం. ‘పకోడి’ కాస్తా ‘వకోడి’. బందరు రోడ్డు మీద బండిలో పోయేవాడు ఆగి ఆలోచిస్తాడా?

స్ట్రోక్‌ని అప్పియరెన్స్ ప్యానెల్‌లో ఫిల్ కిందకి లాగితే లోపలి రంగు తినదు, వత్తుల మీద అడ్డగీతలు పడవు. కానీ సందు పూడటం ఆగదు. క్రియేట్ అవుట్‌లైన్స్ కొట్టి అక్షరాన్ని బొమ్మగా మార్చి, డైరెక్ట్ సెలెక్షన్‌తో తలకట్టు పాయింట్లు పట్టుకుని 5 మిల్లీమీటర్లు పైకి జరపాలి. ప్రతి ‘ప’కీ ఇదే చాకిరీ. యాక్రిలిక్ కటింగైతే ఇంకో తంటా. తలకట్టు విడి ముక్క కాబట్టి, అతికించే కుర్రాడు కిందకి ఆనించాడంటే మళ్ళీ ‘వ’నే.

లైన్ల మధ్య ఆటో లీడింగ్ వదలొద్దు. ‘మిర్చి బజ్జీ’లో జ వత్తు కింది లైను గుడి మీద కూర్చుంటుంది. 100 పాయింట్ల అక్షరానికి లీడింగ్ 150 పెట్టండి. రేట్లు, ఫోన్ నంబర్లు ఇందులో వద్దు, బలూ తమ్ముడు 2 అనే తెలుగు ఫాంట్ ఉచితమే, ఐదు వెయిట్లున్నాయి, అది వాడండి.

కొమ్ములు చూస్తే ముద్దొస్తోంది, ‘ప’ చూస్తే ఒళ్ళు మండుతోంది. దసరా ఫ్లెక్స్‌కి, టీ కొట్టు బోర్డుకి హాయిగా వాడుకోండి. పకోడి బండికి మాత్రం ఆ సందు పెంచి కొత్త ఫైల్ ఇచ్చేదాకా నేనైతే వద్దంటా.