కేబుల్ తీగ మీద వరంగల్ చరిత్ర

సభకు నమస్కారం.

వరంగల్ చరిత్ర అనగానే మనవాళ్లు కాకతీయుల దగ్గర మొదలుపెట్టి, ప్రతాపరుద్రుడి దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు. నేను మాట్లాడబోయేది ముప్పై ఏళ్ల కిందటి మన లోకల్ కేబుల్ ఛానళ్ల చరిత్ర. దానికి మిగిలిన ఆధారాలు కాకతీయుల శాసనాలకన్నా తక్కువంటే మీరు నవ్వుతారేమో, కానీ పరిస్థితి అదే.

హైదరాబాద్ దూరదర్శన్ 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్లాక జిల్లా పట్టణాలకూ బొమ్మ అందింది. వరంగల్‌లో కూడా దూరదర్శన్ కేంద్రం వెలసింది. ఇదంతా ప్రభుత్వ కాగితాల్లో భద్రంగా ఉంటుంది కనుక దాటేస్తాను.

నా గోడు లోకల్ ఛానల్ గురించి. 1991లో గల్ఫ్ యుద్ధం, స్టార్ టీవీ వెంటవెంటనే వచ్చి దేశంలో కేబుల్‌కు గిరాకీ పెంచాయి. 1995లో జెమినీ, ఈటీవీ రావడంతో తెలుగు ఇళ్లలో అది తప్పనిసరి అయింది. ఆపరేటరు డాబా మీద డిష్, కింద ఇరుకు గదిలో యంత్రాలు. క్యాసెట్లు ఆడించే వీసీఆర్‌ను మాడ్యులేటర్‌కు, అంటే ఆ బొమ్మను కేబుల్‌లో ఒక ఛానల్‌గా ఎక్కించే పెట్టెకు, తగిలిస్తే చాలు, ఖాళీ నంబరులో సొంత ఛానల్ సిద్ధం. మొదట రాత్రి సినిమా వేశారు. తర్వాత దాని అడుగున చీరల దుకాణం స్క్రోలింగ్ నడిచింది. వార్తలు ఆ వెనకాల వచ్చాయి.

వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడే సాయంత్రం ఒకే కెమెరా, దాని మీద ఒకే లైటు. లైటు ఎటు తిరిగితే అటు చప్పట్ల జోరు పెరిగేది. మర్నాడు అదే టేపు పదేపదే తిరిగేది. "మా వదిన ఇంకా రాలేదు, ఉండండి" అంటూ పొయ్యి మీద కూర మాడబెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. హైదరాబాద్ వార్తల్లో మన ఊరు కనిపించాలంటే ఏదో ఘోరం జరగాలి. ఇక్కడ నల్లా రాకపోయినా వార్తే. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర, తప్పిపోయిన పిల్లవాడు, కరెంటు కోత, అన్నీ వార్తలే.

1995 కేబుల్ చట్టం ప్రకారం అప్పట్లో ఆపరేటరు హెడ్ పోస్టాఫీసులో నమోదు కావాల్సి ఉండేది. ప్రసారాల రిజిస్టరు రాసి ఏడాదిపాటు ఉంచాల్సి వచ్చేది. టేపు దాచమని మాత్రం ఎవరూ అడగలేదు. క్యాసెట్ ఖరీదైన రోజుల్లో నిమజ్జనం మీద ప్రారంభోత్సవం, ప్రారంభోత్సవం మీద క్రికెట్ పోటీ ఎక్కించారు. ఆపరేటర్లను నేను తప్పుపట్టను. నెలవారీ చందా కోసం గడప గడపా తిరిగేవాళ్లకు పురావస్తుశాఖ పని అప్పగిస్తే ఎలా?

ఆపైన డిజిటల్ వచ్చింది. దేశమంతా కేబుల్ దశలవారీగా డిజిటల్‌కు మారింది, చివరి దశకు గడువు 2017 మార్చి 31. సంకేతం పెద్ద హెడ్‌ఎండ్ నుంచే, అంటే ఛానళ్లన్నీ కలిపి పంపే పెద్ద కేంద్రం నుంచే, సెట్‌టాప్ బాక్సు లేనిదే తెరుచుకోని తాళం వేసుకుని రావడంతో, గల్లీ ఆపరేటరు తన గదిలో వీసీఆర్ తగిలించే రోజులు పోయాయి. స్థానిక ఛానల్ నడపాలంటే పైవాళ్లు చోటివ్వాలి.

మిగిలిన టేపులు మీ ఇళ్లలోనే, పెళ్లి క్యాసెట్ల మధ్య ఉన్నాయి. తెల్లటి బూజు పట్టినదాన్ని వీసీఆర్‌లో పెట్టకండి, టేపూ పోతుంది, యంత్రమూ పోతుంది. కొత్త వీసీఆర్‌లు 2016 నుంచి తయారే కావడం లేదు. అట్ట మీద ఏ వీధి, ఏ పండుగ అన్నది గుర్తున్నంతవరకు రాసి తీసుకురండి. కంప్యూటర్‌లోకి ఎక్కించి, క్యాసెట్ మీది మీకు తిరిగి ఇస్తాం.