ఇషాపూర్ రైఫిలు, దాన్ని కోసిన చేతులు

సభకు నమస్కారం.

ఈ బల్ల మీదున్న రైఫిలులో తూటాను బ్యారెల్‌లోకి నెట్టి మూసే బోల్టును తీసి, దాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చాను. ప్రసంగం అయ్యాక పిల్లలతో సహా అందరూ నిశ్చింతగా దగ్గరికి వచ్చి చూడవచ్చు.

మనలో చాలామందికి దీని పేరు తెలుసు. త్రీ నాట్ త్రీ. చిన్నప్పుడు మా ఊరి పోలీసు స్టేషన్ ముందు సెంట్రీ భుజాన వేలాడింది ఇదే. ట్రెజరీ ముందు కాపలా కాసిందీ ఇదే. తొమ్మిదేళ్ల క్రితం ఇక్కడ ఒహాయోలో, లైసెన్సున్న ఒక వ్యాపారి దగ్గర, వేట తుపాకుల వరుసలో ఇది కనిపించింది. ముందు కర్ర సగానికి కోసేసి ఉంది. బ్యారెల్ బోసిగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. చౌకరకం వేట తుపాకీ అనుకుని పక్కన పెట్టబోతూ, మడమకు, అంటే భుజానికి ఆనించే వెనుక కర్రకు, ముందున్న ఇనుప పట్టీని చూశాను. కిరీటం గుర్తు, దాని కింద జీ.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఆ కింద ఇషాపూర్ అన్న పేరు, 1942. కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ అది. ఇంగ్లండులో చేసిన వాటి మీద జార్జి రాజును సూచించే జీ.ఆర్. అని మాత్రమే ఉంటుంది. ఆ మూడో అక్షరం రాజు ఇండియాకు చక్రవర్తి కూడా అని చెబుతుంది. మన దేశంలో కార్మికుడు చేసిన వస్తువు ఇంత దూరాన, ఈ స్థితిలో దొరికేసరికి వదిలి రాలేకపోయాను.

ఇది లీ ఎన్‌ఫీల్డ్ మార్క్ 3 స్టార్. 1907లో వచ్చిన మార్క్ 3 రైఫిలులో కొన్ని భాగాలు తీసేసి, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, త్వరగా తయారయ్యేలా మార్చిన రూపం. మ్యాగజైన్‌లో పది తూటాలు పడతాయి. బ్యారెల్ పొడవు 25.2 అంగుళాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇలాంటివి లక్షల సంఖ్యలో మిగిలిపోయాయి. అమెరికాలో 1950లలో, 60లలో వీటిని పోస్టులో కూడా తెప్పించుకునేవారు. 1968 చట్టంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పటిదాకా, కొత్త వేట తుపాకీ కొనలేని రైతు, ఫ్యాక్టరీ కార్మికుడు దీన్ని కొని, బరువు తగ్గించుకోవడానికి కర్ర కోసి, అడవికి వెళ్లి జింకను తెచ్చుకునేవాడు. ఆ మనిషిని తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. నాకు అది న్యాయంగా తోచదు. అతని చేతిలో ఉన్నది చరిత్ర కాదు, చలికాలానికి సరిపడా మాంసం.

అందుకే పాత తుపాకీ చేతికి రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దంటాను. ముందు ఎవరు ఏం మార్చారో చదవాలి. మార్పులన్నీ పాడుచేయడం కాదు. ఇషాపూర్‌లోనే కొన్ని .303 రైఫిళ్ల బ్యారెళ్లను తొలిచి, లోపల గాళ్లు లేకుండా నున్నగా చేసి, .410 మస్కెట్లుగా మార్చారు. మ్యాగజైన్‌లో చెక్కముక్క బిగించి, ఒక్కో తూటా మాత్రమే పెట్టేలా చేసి, పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చారు. గ్రెనేడ్లు విసరడానికి వాడిన వాటి ముందు కర్రకు తీగ చుట్టారు. ఆ తీగ విప్పేసి, కర్రకు మెరుగుపెట్టి, పునరుద్ధరించానని చూపించినవారున్నారు. వారు చేసింది పునరుద్ధరణ కాదు, ఒక ప్రభుత్వ రికార్డును చించేయడం. అసలైన వస్తువును పోగొట్టి, ఎక్కడైనా దొరికేదాన్ని తయారుచేశారు.

నా రైఫిలు విషయంలో అదృష్టం ఏమిటంటే, బ్యారెల్‌ను కోయలేదు. కోసి ఉంటే అక్కడితో ఆగిపోయేవాడిని. గురి చూసే వెనుక సైటు ఉంది, ముందు సైటు ఉంది. పోయినవి ముందు కర్ర, పైన చేతికి వేడి తగలకుండా ఉండే చెక్కలు, మూతి దగ్గరి ఇనుప తొడుగు, వాటిని పట్టి ఉంచే బిగింపులు. ఇవన్నీ పాత సరుకులో దొరుకుతాయి. దొరకడం ఒక ఎత్తు, కూర్చడం మరో ఎత్తు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ తుపాకీ మడమను విప్పేముందు ముందు కర్రను తప్పనిసరిగా తీయాలి. మడమ లోపలి నుంచి వచ్చే, దాన్ని బిగించి ఉంచే పొడవాటి మర బోల్టు కొన చదరంగా ఉండి, ముందు కర్ర వెనుక భాగంలోని చిన్న రేకులో కూర్చుంటుంది. కర్ర ఉండగా ఆ మర బోల్టు తిప్పితే రేకు తిరిగి కర్రను చీల్చేస్తుంది. నా మొదటి తుపాకీతో నేను ఆ తప్పు చేశాను. డెబ్బై ఏళ్లు నిలిచిన అక్రోటు కలప టప్‌మని విరిగిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

కొత్తగా తెచ్చిన పాత కర్రను కూర్చడానికి నాకు పదకొండు వారాలు పట్టింది. కాల్చినప్పుడు వెనక్కి తన్నే శక్తి అంతా మ్యాగజైన్ వెనుక, కర్ర లోపల ఎడమా కుడీ ఉన్న రెండు చిన్న మెట్ల మీద పడుతుంది. రెండూ సమానంగా ఇనుముకు ఆనాలి. ఒకటి ఆని ఒకటి ఆనకపోతే కర్ర పగులుతుంది. ఎక్కడ ఆనుతోందో కంటికి కనిపించదు. దానికి మా అమ్మమ్మ పద్ధతే వాడాను. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టి, ఆ కాటుకను ఇనుముకు పలచగా రాసి, కర్రను అదిమి తీస్తే, తగిలిన చోట నల్లగా అంటుకుంటుంది. అక్కడ మాత్రమే కాగితమంత మందాన గీకాలి. మళ్లీ రాయాలి, మళ్లీ అదమాలి. మొదటి రోజు కుడివైపు ఆవగింజంత మచ్చ పడింది, ఎడమవైపు అదీ లేదు. చివరికి రెండు మెట్లూ నిండా నల్లబడిన సాయంత్రం మా ఆవిడను పిలిచి చూపించాను. ఇక్కడ నిపుణులు దీనికి డబ్బాలో అమ్మే నల్ల రంగు వాడతారు. కాటుక అంతకంటే పలచగా పడుతుందని నా అనుభవం.

కర్రకు ఇసుక కాగితం తగలనివ్వలేదు. నొక్కులు పడిన చోట తడిబట్ట వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే, ఆవిరికి చాలావరకు పైకి లేచాయి. తర్వాత అవిసె నూనె, సైన్యంలో వాడినట్లే, చేత్తో రుద్దాను. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి పారేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

తూటాను నెట్టే బోల్టు మీది నంబరు, అది కదిలే ఇనుప చట్రమైన రిసీవర్ మీది నంబరుతో కలవలేదు. ఎవరో మార్చారు. పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టించుకోమని సలహా ఇచ్చినవారున్నారు. అది అబద్ధం చెక్కడమే అవుతుంది, చేయలేదు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర గేజితో కొలిపించి, భద్రమని అతను చెప్పాకే కాల్చాను. డీ.పీ. అని ముద్ర ఉన్న తుపాకీ అయితే అది కవాతు శిక్షణకు కేటాయించినది, దాన్ని కాల్చే ఆలోచనే వద్దు.

ఇలాంటి రైఫిలును మన దేశంలో ఇంట్లో ఉంచుకోవచ్చా అని ఇండియా నుంచి వచ్చిన పెద్దలు ఒకరు ఇందాక అడిగారు. మన దేశంలో .303 పౌరులకు నిషిద్ధ బోరు, అంటే వారికి అనుమతి లేని గొట్టం కొలత. ఇదే పద్ధతిలో ఇషాపూర్ వారు పౌరుల కోసం .315 రైఫిలు చేశారు. లైసెన్సుతో అలాంటిది తాతల నుంచి వచ్చి ఉంటే, దాని మడమ మీది గీతలను కూడా కాపాడమని మనవి.

రిసీవర్ ఎడమవైపు రెండు రంధ్రాలు కనిపిస్తాయి. వేటగాడు వేరే సైటు బిగించడానికి తొలిచినవి. వెల్డింగుతో పూడిస్తే ఆ వేడికి ఉక్కు గట్టిదనం దెబ్బతింటుంది. అందుకే రెండు పొట్టి మరలు బిగించి వదిలేశాను. అతను కోసి మిగిల్చిన ముందు కర్రను కూడా తెచ్చాను, రైఫిలు పక్కనే ఉంది. బ్యారెల్ కూర్చునే గాడిలో, ఎవరూ చూడని చోట, పెన్సిల్‌తో నవంబర్ 1961 అని రాసి ఉంది. దీపం దగ్గరగా పెట్టి, కొంచెం ఏటవాలుగా పట్టుకుని చూడండి, కనిపిస్తుంది.