బ్యాంక్ ఆఫీసర్ బడికెళ్తే: ముప్పావు గంటలో పిల్లలతో ఏం చేయించాలి?

నమస్కారం. బ్రాంచిలో కొత్తగా చేరిన ఆఫీసర్ల కోసం ఈ వీడియో. హైస్కూల్లో పొదుపు మీద క్లాసు చెప్పి రమ్మని మేనేజర్ గారు పంపుతారు. దయచేసి ఉపన్యాసం ఇవ్వకండి. పిల్లల చేతికి కాగితం, పెన్ను ఇచ్చి రాయించండి.

బయల్దేరే ముందు చెక్కు, డబ్బు కట్టే స్లిప్పు జిరాక్స్ తీయించి, వాటి మీద అడ్డంగా ‘నమూనా’ అని రాయండి. అసలు చెక్కులు బడికి తీసుకెళ్లొద్దు.

స్లిప్పు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చెక్కు దగ్గర మాత్రం తొందరపడకండి. 500 రూపాయలకు రాయమనండి. తెలుగులోనే రాయొచ్చు, చెల్లుతుంది. సగం మంది ‘ఐదు వందలు’ ముందు ఖాళీ వదిలేస్తారు, అంకె ముందు కూడా. అప్పుడు ఒక కాగితం తీసుకుని, వాళ్ల కళ్ల ముందే అక్షరాల్లో ‘ఇరవై’, అంకెల్లో 2 చేర్చండి. 500 కాస్తా 2,500 అయిపోయింది! ఇక మీరు చెప్పనక్కర్లేదు, గీతను ఆనించి మొదలుపెట్టి, ‘మాత్రమే’ రాసి, మిగిలిన చోటు కొట్టేయాలని వాళ్లే చెప్తారు. చెక్కు దాని మీద వేసిన తేదీ నుంచి 3 నెలలే చెల్లుతుందని కూడా ఇక్కడే చెప్పేయండి.

తర్వాత ఖాతా సంగతి. పదేళ్లు నిండిన పిల్లలు సేవింగ్స్ ఖాతా సొంతంగా తెరిచి నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. పరిమితులు ఏ బ్యాంకుకు ఆ బ్యాంకే పెట్టుకుంటుంది. ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ తీయడం, మాత్రం ఉండదు. మనకు ఎక్కువగా చిక్కొచ్చేది పేర్ల దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టెన్త్ మెమోలో పొడి అక్షరమే ఉంటుంది. తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర అది అడ్డం పడుతుంది. కాబట్టి తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకోమనండి. 18 నిండగానే బ్రాంచికొచ్చి కొత్త సంతకం ఇవ్వాలనీ చెప్పండి. అయిదో తరగతిలో పెట్టిన సంతకం డిగ్రీలో కలవదు.

పదో తరగతి వాళ్లకు ఇంకోటి గట్టిగా చెప్పాలి. ‘నీ ఖాతా నాలుగు రోజులు వాడుకోనివ్వు, డబ్బులిస్తా’ అని ఎవరైనా అడిగితే అది మోసగాళ్ల సొమ్ము దాటించడానికే. ఖాతా స్తంభిస్తుంది, పోలీసులు వచ్చేది ఖాతాదారు దగ్గరికే. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చివర్లో ఎవరో ఒకరు ‘మీ ఉద్యోగం ఎలా వస్తుంది సార్?’ అని తప్పకుండా అడుగుతారు. ఏ డిగ్రీ అయినా సరిపోతుందనీ, ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగాలకు ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే పరీక్ష ఉంటుందనీ, క్లర్కుగా చేరినా ప్రమోషన్ మీద ఆఫీసర్ కావచ్చనీ చెప్పండి. చేరాక బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ అనే వృత్తి పరీక్షలో నాలుగు పేపర్లు ఉంటాయి, వాటిలో ఒకటి రిటైల్ బ్యాంకింగ్ మీదే. క్లర్కు ఉద్యోగానికి రాష్ట్ర భాష చదవడం, రాయడం వచ్చి తీరాలి. తెలుగు మీడియం పిల్లలకు ఈ మాట పేరుపేరునా చెప్పండి.