శీతాకాలపు ఓరియన్: కంటికి కనిపించే ఆకారాన్ని ఫొటోలో నిలపడం

[తెరపై: తూర్పు ఆకాశం, వరుసగా మూడు నక్షత్రాలు]

వ్యాఖ్యానం: ఒకే వరుసలో ఉండే ఈ మూడు నక్షత్రాలను ఆనవాలు పట్టుకొని ఓరియన్ నక్షత్ర మండలాన్ని ఎవరైనా కంటితో గుర్తించగలరు. కానీ కెమెరాతో తీసినప్పుడు, కంటికి అందని వందలాది చిన్న నక్షత్రాలు కూడా ఫొటోలోకి చేరి, ఓరియన్ ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. మండలం ఆకారం, నక్షత్రాల రంగులు ఫొటోలో పోకుండా ఎలా తీయాలో ఇప్పుడు చూద్దాం.

ముందు రాత్రిని ఎంచుకోవాలి. మార్గశిర పౌర్ణమి నాడు చంద్రుడు మృగశిర దగ్గర, అంటే ఓరియన్ తల పక్కనే ఉంటాడు; ఆ వెన్నెలలో మసక నక్షత్రాలు కనబడవు. అందువల్ల పంచాంగం చూసుకొని, మార్గశిర, పుష్య మాసాల అమావాస్యకు మూడు నాలుగు రోజులు అటూ ఇటూ ఉన్న రాత్రులను ఎంచుకోవడం మేలు.

డిసెంబరు మధ్యలో ఓరియన్ అర్ధరాత్రి వేళకు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు చేరుతుంది. నక్షత్రాలు రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుగా ఉదయిస్తాయి కనుక, జనవరి నెలాఖరుకు రాత్రి 9 గంటలకే ఆ స్థానానికి వస్తుంది. తెలుగు రాష్ట్రాల నుంచి చూస్తే ఆ ఎత్తు 70 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి, కింద కొండనో తాటిచెట్లనో కలిపి తీయాలనుకునేవారు అది ఉదయించిన గంట, గంటన్నర లోపే తీయాలి. అప్పుడు ఆ మూడు నక్షత్రాలు దాదాపు నిలువుగా, ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి.

[తెరపై: ఒకే దృశ్యం రెండు ఫొటోలుగా, 20 సెకన్లు, 10 సెకన్లు]

నక్షత్రాలు ఫొటోలో గీతలుగా సాగకుండా ఉండాలంటే, ఎక్స్‌పోజర్ కాలానికి (షట్టర్ తెరిచి ఉంచే సమయానికి) 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించమని చాలామంది చెబుతారు. ఆ లెక్కన 24 మిల్లీమీటర్ల లెన్స్‌కు సుమారు 20 సెకన్లు వస్తుంది. ఓరియన్ విషయంలో అది ఎక్కువేనని నా అభిప్రాయం. ధ్రువ నక్షత్రం చుట్టుపక్కల చుక్కలు మెల్లగా కదులుతాయి. ఓరియన్ నడికట్టు, అంటే ఆ మూడు నక్షత్రాల వరుస, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) మీదే ఉన్నందున, అక్కడి నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) పూర్తి వేగంతో జరుగుతాయి. పిక్సెల్ పరిమాణం 6 మైక్రాన్లున్న సెన్సర్ మీద 20 సెకన్లలో ఆ జాడ దాదాపు 6 పిక్సెళ్ల పొడవు సాగుతుంది. అందుకే 10 సెకన్లు, ఎఫ్ 2.8 (లెన్స్ ద్వారం కొలత), ఐఎస్ఓ 3200 (వెలుగుకు సెన్సర్ స్పందన స్థాయి)తో మొదలుపెట్టి, అలాంటి 16 ఫ్రేములను ఫొటోలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీసే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలపండి; నాయిస్ (ఫొటోలోని గింజల్లాంటి మచ్చలు) నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఫోకస్‌కు లెన్స్ మీది ఇన్ఫినిటీ గుర్తును నమ్ముకోకూడదు. మాన్యువల్ ఫోకస్ పెట్టి, లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద) రాత్రి ఆకాశంలో అతి ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్‌ను 10 రెట్లు పెద్దది చేసి చూస్తూ రింగును అతి నెమ్మదిగా తిప్పితే, ఆ వెలుగు మచ్చ చిన్నదవుతూ వచ్చి, ఒక దశ దాటాక మళ్లీ పెద్దదవుతుంది. అతి చిన్నగా కనిపించిన చోటికి వెనక్కి వచ్చి, రింగు కదలకుండా టేపు అంటించండి.

[తెరపై: ఫిల్టర్ లేకుండా, ఫిల్టర్‌తో తీసిన ఓరియన్]

ఇక అసలు సమస్య ఆకారం. లెన్స్ ముందు డిఫ్యూజన్ ఫిల్టర్ బిగిస్తే ప్రతి నక్షత్రపు వెలుగూ కొంత చుట్టూ పరచుకుంటుంది. మసక నక్షత్రాల విషయంలో ఆ పరచుకున్న వెలుగు నమోదు కానంత తక్కువ, ప్రకాశవంతమైన వాటి చుట్టూ మాత్రం వలయంగా నిలుస్తుంది. పెద్ద నక్షత్రాలు పెద్దవిగానే కనిపించి, మండలం మళ్లీ కంటికి అందుతుంది. నడిమి భాగం తెల్లగా మాడిపోయినా, రంగు ఆ వలయంలో మిగులుతుంది: సుమారు 3,500 కెల్విన్ల ఉపరితల ఉష్ణోగ్రత గల, ఓరియన్ భుజాన ఉండే ఆర్ద్ర (బెటెల్‌గ్యూజ్) నారింజ రంగులోనూ, దానికి మూడు రెట్లకు మించి వేడిగా ఉండే, ఓరియన్ పాదం దగ్గరి రైజెల్ నీలి తెలుపులోనూ వస్తాయి. ఫొటోలు రా ఫార్మాట్‌లోనే (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని అలాగే ఉంచే పద్ధతిలో) తీయండి.

పొలాల నడుమ, చెరువుల దగ్గర తీసేవారు మంచు విషయంలో జాగ్రత్తపడాలి. లెన్స్ అద్దం మీద సన్నని తేమ పొర చేరినా చుక్కలన్నీ ఒకేలా పొగచూరినట్లు వస్తాయి. పవర్ బ్యాంకుతో పనిచేసే హీటర్ పట్టీని మంచు పట్టకముందే లెన్స్‌కు చుట్టాలి.

[తెరపై: ఓరియన్ చిత్రం, ఆర్ద్ర, బెల్లాట్రిక్స్‌ల మీద గుర్తులు]

చివరగా, లెన్స్, ఎక్స్‌పోజర్, ఐఎస్ఓ, తేదీ, సమయం ఫొటోతో పాటే రాసి దాచుకోండి. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి వరకు ఆర్ద్ర అసాధారణంగా మసకబారి, రెండో భుజాన ఉన్న బెల్లాట్రిక్స్‌తో ఇంచుమించు సమానమైంది. నక్షత్రం నుంచి వెలువడిన ధూళి దాని వెలుగును కొంత అడ్డుకోవడం ఇందుకు ముఖ్య కారణమని శాస్త్రవేత్తలు వివరించారు. ఏటా ఒకే లెన్స్‌తో, ఒకే సెట్టింగులతో ఓరియన్‌ను తీసేవారు ఆ రెండు నక్షత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే, అలాంటి మార్పు తమ ఫొటోల్లోనే పట్టుబడుతుంది.