బారసాలకి ఇంకా ఆరు రోజులు

అక్క: నమస్కారం. బీచ్ రోడ్డు మీద వాన దంచేస్తోంది, కిటికీ మూసినా ఆ హోరు వినిపిస్తే ఏమీ అనుకోకండి. ఈ వారం మగపిల్లలకి దేశదేశాల్లో పెట్టే వింత పేర్లు. మా తమ్ముడి కొడుకు పుట్టి పదిహేను రోజులైంది, వాడికి ఇంకా పేరు లేదు.

తమ్ముడు: ఎందుకు లేదు? కై. హవాయి భాషలో సముద్రం. విశాఖలో పుట్టినవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

అక్క: కై అంటే మనకి ‘కోసం’ కదరా. ఎవరికై అని అడగరూ? అప్పన్న అని పెట్టు, సింహాచలం కొండ ఇంత దగ్గర్లో పెట్టుకుని...

తమ్ముడు: మళ్ళీ అప్పన్నా! చందనోత్సవం ఎపిసోడ్‌లో తేలిపోయింది కదా అక్కా. సరే, కోఫీ. ఘానాలో ఆకాన్ వాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు, శుక్రవారం పుడితే కోఫీ. ఐక్యరాజ్యసమితిలో చేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న పుట్టాడు, శుక్రవారమే. మనవాడిదీ శుక్రవారమే. అంతేగానీ అప్పన్న, నూకరాజు, పెంటయ్య అంటే బళ్ళో ఏడిపించి చంపుతారు.

అక్క: పెంటయ్య పేరు ఎందుకెత్తావు?

తమ్ముడు: మాటవరసకి.

అక్క: తాత పేరు మాటవరసకా? ఆయన ముందు ముగ్గురు పోయారు. నాలుగోవాణ్ణి చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడితే, పక్కింటావిడ ఎత్తుకొచ్చి గుప్పెడు తవుడుకి మన ముత్తవ్వకే అమ్మింది. ఎవరూ కోరని పిల్లాడని మృత్యువు అనుకోవాలని. ముక్కు కూడా కుట్టించారు.

తమ్ముడు: ఆ చిల్లు నాకు తెలుసు. ఒళ్ళో కూర్చుని వేలితో నొక్కేవాణ్ణి, కందిగింజంత గుంట. కానీ శుభలేఖల్లో తాతే ‘పి. రావు’ అని వేయించుకునేవాడు. ఆయనే దాచుకున్న పేరు అది.

అక్క: జనం నవ్వుతారని దాచుకున్నాడు. అది నవ్వినవాళ్ళ తప్పు. బిడ్డ బతికితే చాలని తల్లి ఎంత భయపడి పెట్టుకున్న పేరురా అది!

తమ్ముడు: (కాసేపాగి) ఇలాంటి పేర్లే నేను వరసలో చివరికి రాసుకున్నాను. మంగోలియాలో నెర్గుయ్ అని పెడతారు, ‘పేరు లేదు’ అని. ఎనెబిష్ అంటే ‘ఇది కాదు’. దుష్టశక్తులు దారి తప్పాలని. చైనా పల్లెల్లో ముద్దుపేరు గౌషెంగ్, కుక్క తినగా మిగిలినవాడు.

అక్క: మరి! ఊరూరా పెంటయ్యలు ఉన్నారు కదరా. ఇంత తెలిసి కై అంటావేంటి?

తమ్ముడు: ఇంకొకటుంది. నైజీరియాలో యొరుబా వాళ్ళు, తాత పోయాక పుట్టిన మగపిల్లాడికి బాబాతుండే అని పెడతారు. ‘నాన్న తిరిగొచ్చాడు’ అని.

అక్క: ...తాత పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు.

తమ్ముడు: అదే.

అక్క: వాడి చెవులు చూశావా, అచ్చం...

తమ్ముడు: చూశాను. అయినా పెంటయ్య అని పెట్టను అక్కా, ముందే చెప్తున్నా.

అక్క: నేను పెట్టమన్నానా? అప్పన్న అన్నాను.

తమ్ముడు: హీబ్రూ పేర్లు, మావోరీ పేర్లు ఇంకా బోలెడు...

అక్క: ఆగు, లేచాడు వాడు. అమ్మ పిలుస్తోంది. నువ్వు వెళ్తావా, నేను వెళ్ళనా?