కొండ కదలదు, అల మాత్రం నెలలు చూసుకుని వస్తుంది

అందరికీ నమస్కారం. నేను చెప్పబోయే గురుత్వ తరంగాలు ఐన్‌స్టీన్ చెప్పినవి కావు. ఇవి మన నెత్తి మీది గాలిలో పుట్టేవి. కొండ అడ్డొచ్చి గాలి ఎగబాకినా, ఉరుముల మబ్బు ఒక్కసారిగా పైకి పొడుచుకొచ్చినా, లేచిన గాలి చల్లబడి, చుట్టూ ఉన్నదానికంటే బరువెక్కి దిగిపోతుంది. దిగినది ఆగలేక మళ్లీ లేస్తుంది. ఆ ఊపే అలలా పైకి పాకుతుంది. పైన గాలి పలచన కాబట్టి వెళ్లేకొద్దీ అల పెద్దదవుతుంది.

దీన్ని ఉపగ్రహం ఎలా చూస్తుంది? 2001 డిసెంబరులో నాసా పంపిన టైమ్డ్ ఉపగ్రహం మీద సాబర్ అనే పరికరం ఉంది. అది భూమి అంచు వైపు పక్కచూపు చూస్తూ, కార్బన్ డయాక్సైడ్ వెదజల్లే పరారుణ కాంతిని కొలిచి, ఏ ఎత్తులో ఎంత ఉష్ణోగ్రతో చెబుతుంది. అందులోంచి భూగోళాన్ని చుట్టే పెద్ద తరంగాలను తీసేస్తే కొద్ది డిగ్రీల వంకరలు మిగులుతాయి. మనకు కావాల్సింది ఆ మిగులే, అవే మన అలల జాడలు.

ఏళ్ల తరబడి వచ్చిన కొలతలతో నెలవారీ మ్యాపులు వేశారు. జూన్ నుంచి ఆగస్టు వరకు దక్షిణ అమెరికా కొసన ఆండీస్ మీద, అంటార్కిటికా ద్వీపకల్పం మీద అలలు దంచేస్తుంటాయి. అదే సమయంలో మన రుతుపవనాల మబ్బుల పైనా ఇంకో మచ్చ వెలుగుతుంది. డిసెంబరు, జనవరి వచ్చేసరికి ఆండీస్ కొస చప్పబడిపోతుంది.

నాకు ఇక్కడే అసలు మజా. ఆండీస్ ఎక్కడికీ పోలేదు, కింద పడమటి గాలీ ఆగలేదు. మరి అల ఏమైంది? కొండ పుట్టించిన అల నేలతో పోలిస్తే నిలబడే ఉంటుంది. డిసెంబరు, జనవరి అంటే అక్కడ వేసవి. అప్పుడు స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే మబ్బుల పొరకు పైనున్న పొరలో, గాలి తూర్పు నుంచి వీస్తుంది. కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి అంటే మధ్యలో ఎక్కడో గాలి వేగం సున్నా కావాలి. ఆ చోటే అలకు మూసిన గేటు, అక్కడే అల విరిగిపోతుంది. చలికాలంలో పైనా పడమటి గాలే కాబట్టి గేటు తెరిచి ఉంటుంది. కాబట్టి మ్యాపులో కనిపించే సీజన్ అల పుట్టుకది మాత్రమే కాదు, దాని దారిది కూడా. మ్యాపు చూసి "ఇక్కడ అలలు పుట్టడం లేదు" అనేయడం తొందరపాటు.

రుతుపవనాల అలలదీ ఇలాంటి కథే. అవి నిట్టనిలువుగా పోవు, పైకెళ్తూ ధ్రువం వైపు జరుగుతాయి.

సాబర్‌కు చిన్న అలలు కనిపించవు. అడ్డంగా వంద కిలోమీటర్లలోపు ఉన్నవి దాదాపు జారిపోతాయి. వాటికి తిరుపతి దగ్గర గాదంకిలో ఉన్న, పై గాలి కదలికలను నేల మీంచి కొలిచే ఎంఎస్‌టీ రాడార్ లాంటివి కావాలి. అది చూసేది ఒక్క చోటే, కానీ నిమిషాల లెక్కన చూస్తుంది.

ఈ గొడవంతా ఎందుకంటే, వాతావరణ మోడళ్లలో చాలావరకు ఈ అలలను అంచనా లెక్కతో సరిపెడతాయి, అదీ నిటారుగానే పోతాయనుకుని. అందుకే 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, కొండలు లేని సముద్రం మీద, వాటి లెక్కలో అలలు తక్కువ పడతాయి. ఉపగ్రహం మాత్రం అక్కడా అలలు చూపిస్తోంది.